బరువు బాగానే ఉంది, మాటలే రావడం లేదు

ఈసారి ఉత్తరం రాసినావిడ అంగన్‌వాడీ టీచర్. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊళ్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. పేరు, ఊరు రాయొద్దని కోరారు. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు కూడా నేను తీసేశాను.

ఆమె సెంటర్ పరిధిలో రెండేళ్ల నాలుగు నెలల బాబు ఉన్నాడు. నెలనెలా బరువు, ఎత్తు తీస్తున్నారు. రెండూ బాగున్నాయి, గ్రోత్ చార్ట్‌లో ఎప్పుడూ ఆకుపచ్చలోనే ఉన్నాడు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏడాదిన్నరప్పుడు ‘అమ్మ’, ‘తాత’ అనేవాడు, ఇప్పుడు ఆ రెండు మాటలూ పోయాయి. వేలు పెట్టి ఏదీ చూపించడు. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే పోషకాహార పొడి, బాలామృతం కావాలంటే తల్లి మణికట్టు పట్టుకుని డబ్బా దగ్గరికి లాక్కెళ్లి, ఆమె చేతిని మూత మీద పెడతాడట. ఆమె ముఖం వైపు మాత్రం చూడడు. తల్లి నాట్లకు, కలుపులకు కూలికి వెళ్తుంది. తండ్రి హైదరాబాద్‌లో డ్రైవర్, రెండు వారాలకోసారి వస్తాడు. పగలంతా బాబు నానమ్మ దగ్గర, చేతిలో ఫోన్‌తో ఉంటాడు.

పోయిన నెల బాలామృతం ప్యాకెట్లు, గుడ్లు ఇచ్చే రోజున, నలుగురు తల్లులు ఉండగానే టీచర్ గారు “వీడికింకా మాటలు రాలేదు, ఆటిజమో ఏమో, డాక్టర్‌కు చూపించండి” అన్నారు. నానమ్మ మండిపడింది. “మా పిలగానికి ఏం తక్కువైంది? వాళ్ల నాయినకు గూడ నాలుగేండ్లకే మాటలొచ్చినయ్. నువ్వేమన్న డాక్టర్‌వా, పేరు పెడ్తున్నవ్?” అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి వాళ్లింటి నుంచి ఎవరూ సెంటర్‌కు రావడం లేదు. ప్యాకెట్ కోసం పక్కింటి పిల్లను పంపుతున్నారు. నానమ్మ మహిళా సంఘంలో మాట చెల్లే మనిషి కావడంతో, టీచర్ పిల్లలకు రోగాలు అంటగడుతోందని ఊళ్లో ప్రచారమైంది. ఇంతలో ఒక రాత్రి తల్లి ఫోన్ చేసింది: “అక్కా, నాకు గూడ భయమైతుంది. అత్తకు తెల్వకుండ పట్నం తీస్కపోతవా?” సూపర్‌వైజర్‌ను అడిగితే, “ఊళ్లో గొడవ మనకెందుకు, బరువు బాగానే ఉంది కదా, నార్మల్ అని రాసెయ్” అన్నారు.

ఆమె అడిగినవి మూడు. తల్లిని రహస్యంగా తీసుకెళ్లనా? అందరూ చెప్పినట్టు ఊరుకోనా? అసలు ఇది నా పనేనా?

టీచర్ గారూ,

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ కొంత తేలికవుతాయి.

అది మీ పనే. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలైనప్పుడే పథకం పేరులో ‘అభివృద్ధి’ ఉంది. ఆకలి, రక్తహీనత పెద్ద సమస్యలు కావడంతో ఏళ్ల తరబడి మన కళ్లు త్రాసు మీదే ఉండిపోయాయి, అందులో తప్పు లేదు. కానీ పిల్లవాడు ఎప్పుడు నవ్వాడు, ఎప్పుడు పేరుకు తిరిగాడు, ఎప్పుడు వేలు పెట్టి చూపించాడు అన్నవి కూడా ఎదుగుదల లెక్కలే. మీరు తల్లులకిచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు తిప్పి చూడండి, నెలల వారీగా ఆ బొమ్మలన్నీ ఉంటాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, జబ్బులతో పాటు ఎదుగుదలలో ఆలస్యాన్ని కూడా వెతకమంది. 2023 నవంబరులో దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ వచ్చింది. లక్షణాలను ముందే గుర్తించడం, పిల్లవాడిని, కుటుంబాన్ని కలుపుకుపోవడం, ఆశా, ఏఎన్ఎం, ఆర్‌బీఎస్‌కే టీం ద్వారా పైకి పంపడం అన్నవే అందులోని మూడు మెట్లు. కాబట్టి ‘మనకెందుకు’ అన్న మాట దగ్గర మీరు తగ్గాల్సిన అవసరం లేదు.

అయితే ఆ రోజు మీ నోటి నుంచి వచ్చినవి రెండు మాటలు. బాబుకు మాటలు రావడం లేదు అన్నది మీరు కళ్లారా చూసింది. ఆటిజమో ఏమో అన్నది మీ అనుమానం. మొదటిది చెప్పే హక్కు, బాధ్యత రెండూ మీకున్నాయి. రెండోది డాక్టర్ పరీక్షించి చెప్పాల్సింది. అదీ నలుగురిలో అన్నారు. నానమ్మ చెవికి రెండో మాట మాత్రమే చేరింది, మొదటిది ఆ కోపంలో కొట్టుకుపోయింది. ఆమె కోపంలో ఉన్నది మీ మీద ద్వేషం కాదని నా నమ్మకం. పగలంతా బిడ్డను చూసుకుంటున్నది తనే కాబట్టి, బిడ్డకు లోపమంటే తన పెంపకానికే లోపమన్నట్టు వినబడి ఉంటుంది.

జబ్బు పేరు పెట్టకూడదని చెప్పడానికి ఇంకో గట్టి కారణం ఉంది. మీరు రాసిన లక్షణాల్లో పేరుకు పలకకపోవడం, మాటలు రాకపోవడం వినికిడి లోపంలోనూ కనిపిస్తాయి. ‘టీవీలో యాడ్ రాగానే పరుగెత్తుకొస్తాడు, చెవుడెట్లుంటది’ అని నానమ్మ అంటున్నట్టు రాశారు. పెద్ద శబ్దాలు, లావు శబ్దాలు వినబడి, మాటలోని సన్నటి శబ్దాలు వినబడని పిల్లలున్నారు. అంతా చక్కగా వినబడుతున్నా తనకిష్టమైన చప్పుడుకే తిరిగి, మనిషి పిలుపుకు తిరగని పిల్లలూ ఉన్నారు. వెనక నుంచి చప్పట్లు కొట్టో, స్టీల్ గ్లాసు కింద పడేసో దీన్ని తేల్చలేం. అందుకే ఎవరు చూసినా మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. దీనివల్ల మీకు ఇంకో మేలు కూడా ఉంది. ‘ఒకసారి చెవులు చూపిద్దాం’ అనే మాట ‘ఆటిజమేమో’ అన్నంత బరువుగా ఉండదు. ఆ ఇంట్లోకి మళ్లీ అడుగుపెట్టడానికి అది అబద్ధం కాని దారి.

ఇక నాలుగేళ్లకు మాటలొచ్చిన తండ్రి సంగతి. నానమ్మ చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. ఆలస్యంగా మాట్లాడి తర్వాత అందరితో సమానంగా వచ్చే పిల్లలు ఉంటారు. కానీ అలాంటి చాలామంది పిల్లలు మాట లేకపోయినా సైగతో పని నడిపిస్తారు. చందమామను వేలితో చూపిస్తారు, కొత్త చెప్పులు తెచ్చి మన ఒళ్లో పెడతారు, ‘బంతి తే’ అంటే తెస్తారు. ఈ బాబు చూపించడం లేదు, పిలుపుకు తిరగడం లేదు, అన్నిటికంటే ముఖ్యంగా వచ్చిన మాటలు పోగొట్టుకున్నాడు. వచ్చిన మాట పోవడం ఏ వయసులోనైనా ఆగి చూడకూడని లక్షణం. కాబట్టి ఊరుకోవడం అనే దారికి ఏమీ ఖర్చు లేదని అనుకోకండి. మీ మీద చాడీలు ఆగిపోతాయి, కానీ బాబుకు కాలం పోతుంది. సమస్య చెవిలో ఉంటే ఆలస్యం మరీ ఖరీదు. ప్రభుత్వ పథకాల్లో కాక్లియర్ ఇంప్లాంట్‌కు, అంటే ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి పరికరానికి, వయసు పరిమితి ఉంటుంది, మాట నేర్చుకునే వయసు కూడా ఆగదు.

తల్లి ఫోన్ గురించి నేను చాలాసేపు ఆలోచించాను. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తల్లికి అత్త అనుమతి అక్కర్లేదు, ఆ విషయంలో అనుమానం లేదు. మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా సికింద్రాబాద్‌కు రైళ్లున్నాయి, పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు అని మీరూ లెక్కవేసుకుని ఉంటారు. కానీ ఇది ఒక్క రోజు పని కాదు. చిన్నపిల్లలకు వినికిడి చూడటానికి చేసే బెరా పరీక్షకు పిల్లవాడు నిద్రపోవాలి. ఆ రోజు నిద్రపోకపోతే మళ్లీ రమ్మంటారు. తర్వాత ఎదుగుదల పరీక్షలు ఉంటాయి, అవసరమైతే వారాల తరబడి థెరపీ. అంతా అత్తకు తెలియకుండా నడవదు. తెలిసిన రోజున మొదటి దెబ్బ మీకు తగలదు, ఆ కోడలికి తగులుతుంది. మీకు ఆ ఇంటి తలుపు పూర్తిగా మూసుకుపోతుంది. పైగా ఇంట్లో రోజంతా బాబుతో ఉండేది నానమ్మే. థెరపిస్ట్ నేర్పేది ఇంట్లో చేయాల్సింది కూడా ఆమే.

అలాగని తల్లికి ‘రాను’ అని చెప్పకండి. అంత రాత్రి ఫోన్ చేయడానికి ఆమె ఎంత ధైర్యం కూడగట్టుకుని ఉంటుందో! ముందు ఒక్క ప్రశ్న అడగండి: “మీ అత్తకు తెలిస్తే ఏమైతది?” ‘తిడతది, నాల్గు రోజులు మాట్లాడది’ అంటే ఇంటిని ఒప్పించే ప్రయత్నానికి సమయం ఉంది. ‘కొడతరు’, ‘ఇంట్ల నుంచి ఎల్లగొడ్తరు’ అంటే సంగతి మారిపోతుంది. అప్పుడు ఇది బాబు మాటల సమస్య ఒక్కటే కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, ఆపదలో ఉన్న మహిళలకు సాయం చేసే జిల్లాలోని సఖి కేంద్రం ఉన్నాయని ఆమెకు తెలియాలి. ఏం చేయాలన్నది ఆమె నిర్ణయానికి వదలాలి. అలాంటి పరిస్థితిలో ఆమె చెప్పకుండానే బయల్దేరితే నేను తప్పు పట్టను. మీరు కూడా ఒంటరిగా వెంట వెళ్లకుండా ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో కలుపుకోండి.

మీ ఉత్తరంలో దాదాపు కనిపించని మనిషి తండ్రి. ఆయనకు ఈ విషయం తెలుసో లేదో కూడా మీరు రాయలేదు. ఆయన ఉండేది హైదరాబాద్‌లోనే. తల్లి చేత ఫోన్‌లో రెండు చిన్న వీడియోలు తీయించండి. ఒకదానిలో బాబు ఆడుకుంటుండగా వెనక నుంచి మూడుసార్లు పేరు పిలవాలి. ఇంకోదానిలో బాబు ఏదో కావాలని చేయి పట్టుకుని లాగుతుండాలి. తీయాల్సింది తల్లి, చూపించాల్సింది తండ్రికి. మీ ఫోన్‌లోకి అవి రావద్దు, ఏ గ్రూపులోనూ పడొద్దు. ‘మన బాబు ఎందుకిట్ల జేస్తుండో ఒక్కసారి చూపిద్దమా’ అని భార్య అడగడానికీ, ఎవరో టీచర్ చెప్పిందని తెలియడానికీ చాలా తేడా ఉంది. ఆ వీడియోలు డాక్టర్‌కూ పనికొస్తాయి, ఎందుకంటే కొత్త చోట పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు. తండ్రి ఒప్పుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో దివ్యాంగుల జాతీయ సంస్థ, నీపిడ్ ఉంది. ఆరేళ్ల లోపు పిల్లల కోసం 2021 జూన్‌లో అక్కడ అన్ని రకాల ఇబ్బందులనూ ఒకే చోట చూసే కేంద్రం తెరిచారు. వినికిడి లోపం ఉన్నవారి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఈ దారిలో ఉన్న చిక్కల్లా, తండ్రి కూడా తన తల్లి మాట జవదాటని మనిషైతే విషయం మళ్లీ నానమ్మ దగ్గరికే వస్తుంది, అదీ ‘వెనకాల చేశారు’ అన్న కోపంతో. ఆయన ఎలాంటివాడో భార్యకే తెలుసు, ఆమె అంచనా ప్రకారమే వెళ్లండి.

ఇంకో దారి ఆర్‌బీఎస్‌కే టీం. వాళ్లు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. మీ సెంటర్‌కు ఎప్పుడొస్తారో ఏఎన్ఎం ద్వారా కనుక్కోండి, తేదీ దూరంగా ఉంటే ముందుకు జరపమని అడగండి. ఇందులో నాకు నచ్చిన విషయం, ఆ రోజు పిల్లలందరినీ చూస్తారు. ఒకరికి పళ్లు, ఒకరికి చెవిలో చీము, ఒకరికి రక్తం తక్కువ అని రాస్తారు. ఈ బాబును ఎవరూ వేరు చేయరు. టీం రాసిచ్చే చీటీతో జిల్లా కేంద్రంలో పిల్లల ఎదుగుదల లోపాలను ముందే చూసే డీఈఐసీకి వెళ్తే మళ్లీ మొదటి నుంచి కథ చెప్పుకోవాల్సిన పని ఉండదు. కాకపోతే నానమ్మ ఆ రోజు బాబును తీసుకురావాలి. ఆమెను దాటుకుని పోయే దారి ఏదీ నాకు కనబడలేదు. అందుకే ఆమె దగ్గరికి వెళ్లండి.

ఒక్కరే వెళ్లండి, రిజిస్టర్ లేకుండా వెళ్లండి. గుమ్మంలోనే “ఆ రోజు పదిమందిల అట్ల అనుడు నాదే తప్పు, పెద్దమ్మా” అనండి. ఆ తర్వాత వివరణలు వద్దు. టీ ఇస్తే తాగండి. అవకాశం వచ్చినప్పుడు అడగండి: “పొద్దంత నువ్వే చూస్తవు గద, నాకంటె నీకే బాగ తెలుసు. ఆకలైతే ఎట్ల అడుగుతడు? నువ్వు బయటికి పోతుంటె ఎంటవడుతడా?” ఆమె చెప్తుంటే మధ్యలో అందుకోకండి. చెయ్యి పట్టుకుని లాగుతాడని ఆమే చెప్తుంది. మాట పోయిందని కూడా ఆమే చెప్పొచ్చు, బిడ్డతో పగలంతా ఉండే మనిషి గమనించకుండా ఉండదు. పైకి ఒప్పుకోవడానికే భయం. అప్పుడు “చెవులు ఒక్కసారి చూపిద్దమా పెద్దమ్మా? మంచిగున్నయంటే మనకే నిమ్మళం. నువ్వే ఎత్తుకరా, నేను గూడ ఉంట” అనండి. మొదటిసారికే ఒప్పుకోకపోవచ్చు. నెలనెలా బాలామృతం ప్యాకెట్ ఆ ఇంటికి చేరాల్సిందే కదా, పక్కింటి పిల్ల చేత పంపకుండా ఇక నుంచి మీరే తీసుకెళ్లండి. కానీ రెండు మూడు నెలలు ఇలాగే గడిచిపోనివ్వకండి. రెండోసారి వెళ్లొచ్చాక కూడా కదలిక లేకపోతే తండ్రి దారి తొక్కమని తల్లికి చెప్పండి.

ఫోన్ సంగతి జాగ్రత్త. ‘నువ్వు ఫోనిచ్చి పాడు చేశావు’ అనే అర్థం వచ్చే మాట పొరపాటున కూడా రానివ్వకండి. బాబు ఇలా ఉండటానికి ఫోనే కారణమని మీరూ నేనూ చెప్పలేం. రెండేళ్ల పిల్లవాడికి రోజుకు గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ చేతిలో ఉన్నంతసేపు బాబుతో ఎవరూ మాట్లాడరు, వాడూ ఎవరి ముఖమూ చూడడు, నష్టం అక్కడుంది. మోకాళ్ల నొప్పులతో వంట, గేదెలు, మనవడు అన్నీ మోస్తున్న మనిషి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే, ఆ ఖాళీని ఏంతో నింపాలో కూడా మనమే చూపించాలి.

అది చూపించడం మీకు బాగా వచ్చిన పని. పరీక్షల తేదీ కోసం ఆగక్కర్లేదు, ఏ ఫలితం వచ్చినా ఇది వృథా పోదు. నానమ్మ గుడ్డు పెంకు తీసేటప్పుడు బాబును ఎదురుగా, ముఖం కనబడేలా కూర్చోబెట్టుకోవాలి. ‘గుడ్డు’ అని చిన్న ముక్క తుంచి తన కళ్ల దగ్గర పట్టుకుని ఆగాలి. బాబు కళ్లు ఒక్క క్షణం ఆమె ముఖం మీదికి రాగానే ముక్క నోట్లో పెట్టి మళ్లీ ‘గుడ్డు’ అనాలి. రాకపోతే ఎక్కువసేపు ఊరించకుండా ఇచ్చేయాలి, ఏడిపించకూడదు. డబ్బా దగ్గరికి లాక్కెళ్లినప్పుడు వెంటనే మూత తీయకుండా, బాబు చూపుడు వేలినే పట్టుకుని డబ్బాకు తాకించి ‘ఇది కావాలా’ అని తీయాలి. ‘చెమ్మచెక్క’, ‘కాళ్లాగజ్జె’ లాంటివి ఆడించి, సరిగ్గా నవ్వు వచ్చే చోట ఆగి బాబు ఏం చేస్తాడో చూడాలి. మూడేళ్ల లోపు పిల్లల కోసం 2024లో విడుదలైన ‘నవచేతన’ క్యాలెండర్‌లో నెలల వారీగా ఇలాంటి ఆటలు 140 ఉన్నాయి. బాబు వయసు చూసి కాకుండా వాడు ఇప్పుడున్న మెట్టు చూసి అందులోంచి రెండు మూడు ఏరుకోండి. ఇవన్నీ నానమ్మకు బాగా తెలిసిన ఆటలే, ‘నువ్వు ఆడిస్తే చూస్త’ అని ఆమె చేతే చేయించండి.

సూపర్‌వైజర్ చెప్పినట్టు ‘నార్మల్’ అని మాత్రం రాయకండి. రేపు టీం వచ్చి రికార్డు చూస్తే, ఈ బాబును ఎందుకు పంపుతున్నారని అదే అడ్డొస్తుంది. ఇంకో ఏడాది తర్వాత ఎవరైనా ముందే ఎందుకు చెప్పలేదంటే సంతకం మీది. ఆటిజం అనీ రాయొద్దు. ‘పేరుకు స్పందన లేదు, వచ్చిన మాటలు ఆగిపోయాయి, వేలితో చూపడం లేదు, రిఫర్ చేయాలి’ అని తేదీతో రాసి ఏఎన్ఎంకు తెలియజేయండి. సూపర్‌వైజర్‌తో గొడవకు దిగడం వల్ల మీకూ బాబుకూ ఒరిగేదేం లేదు. ప్రోటోకాల్‌లో ఇలా ఉందని చూపించి, ‘మేడం, మీరు కూడా ఒకసారి ఆ ఇంటికి రండి’ అని అడగండి. వస్తే మంచిది. రాకపోయినా మీరు రాసింది రాసినట్టే ఉంటుంది.

ఊరి నోరు మనం మూయించలేం. ఇది ఇంకొన్నాళ్లు నడుస్తుంది, మీకు కష్టంగానే ఉంటుంది. ఎవరైనా ఆ బాబు గురించి అడిగితే ‘వాళ్లింటి సంగతి నేను చెప్పను’ అని ఒక్క మాట అనండి, ప్రతిసారీ అదే అనండి. తమ ఇంటి సంగతి మీ దగ్గర బయటికి పోదని మిగతా తల్లులకు తెలుస్తుంది. ఆ మాట నానమ్మ వరకూ చేరుతుంది. మీ గుండెల్లో బరువును దించుకోవడానికి మాత్రం ఊరికి సంబంధం లేని ఒకరిని, పక్క మండలంలోని తోటి టీచర్‌నో ఎవరినో పెట్టుకోండి.

పరీక్షల్లో అంతా బాగానే ఉందని వస్తే ‘నేను చెప్పలే’ అని నానమ్మ అందరి ముందూ అంటుంది. అననివ్వండి, మీరూ ఆమెతో కలిసి సంతోషించండి, మూడు నెలల తర్వాత మళ్లీ ఎలా మాట్లాడుతున్నాడో చూడండి. ఏదైనా తేలితే, ఆ వారం ఆ ఇంటికి సలహాలతో వెళ్లకండి. వాళ్లు ఏడుస్తారు, ఎవరినో ఒకరిని నిందిస్తారు, ఆ నింద కోడలి మీద పడకుండా చూడగలిగితే చూడండి. తర్వాత థెరపీకి ఎవరు తీసుకెళ్లాలి, కూలి పోతే ఎలా, దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలి అనే ప్రశ్నలు వస్తాయి. అప్పుడు మళ్లీ రాయండి, ఒక్కొక్కటీ చూద్దాం. మూడేళ్లు నిండగానే బాబు మీ సెంటర్‌కు మిగతా పిల్లలతో పాటు ప్రీస్కూల్‌కు రావాలి, పరీక్షల్లో ఏం తేలినా సరే. ఆ చోటు వాడికి ఉంచుతానని ఇప్పుడే తల్లికి చెప్పండి.